నల్లటి తెర మీద ఉత్తరాలు

1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. మన దేశంలో ఇంటర్నెట్‌ని జనానికి అందుబాటులోకి తెచ్చింది. అందులో చవకరకం షెల్ అకౌంట్. బొమ్మలుండవు, ఉత్తి అక్షరాలే. ఇంట్లోని 486 కంప్యూటర్లో ప్రోకామ్, టెలిక్స్ లాంటి టెర్మినల్ ఎమ్యులేటర్ తెరిచి మోడెంతో ఫోను కలిపితే, పాపం మన కంప్యూటరు తన తెలివంతా పక్కన పెట్టి, 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లా నటించేది. అంటే కీబోర్డూ తెరా, అంతే. అసలు పనంతా అవతలున్న యూనిక్స్ యంత్రానిది. ఉత్తరాలూ అక్కడే ఉండేవి, 'పైన్' అనే ప్రోగ్రాంలో చదువుకోవాలి. ఆ కాసేపూ ఇంటి ఫోను ఎంగేజే!

ఆ తెరకి తెలుగు రాదు. మరి అమెరికాలో చదివే పిల్లాణ్ణి "తిన్నావా నాన్నా" అని అమ్మ అడిగేదెలా? ఇంగ్లీషు అక్షరాల్లోనే. అక్కడి మనవాళ్ళకి ఈ చిక్కు ముందే ఎదురైంది. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్ళు దీనికో పద్ధతి కట్టారు, పేరు ఆర్.టి.ఎస్. చిన్న ఎల్ కొడితే 'ల', పెద్ద ఎల్ కొడితే 'ళ'. ఎంత ముచ్చటైన ఏర్పాటో! వాట్సాప్‌లో మనం ఆ తేడా వదిలేసి కళ్ళనీ కల్లునీ ఒకేలా రాసేస్తున్నాం.