సెఫ్టన్ బరో

సెఫ్టన్ ఉత్తర ఇంగ్లండ్ పశ్చిమ తీరాన, ఐరిష్ సముద్రపు ఒడ్డున ఉన్న స్థానిక పాలనా ప్రాంతం. మెర్సీసైడ్ కౌంటీలోని అయిదు మెట్రోపాలిటన్ బరోల్లో ఇదొకటి. దక్షిణాన లివర్‌పూల్‌ను ఆనుకున్న బూటిల్ రేవు దగ్గర మొదలై, ఉత్తరాన రిబుల్ నది సముద్రంలో కలిసే చోటున్న సౌత్‌పోర్ట్ దాకా సన్నని పట్టీలా సాగుతుంది. విస్తీర్ణం సుమారు 155 చదరపు కిలోమీటర్లు. 2021 జనగణన నాటికి జనాభా దాదాపు 2.79 లక్షలు. పటంలో ఒకే తీరం, దాని వెంట ఒకే రైలు మార్గం. ఊళ్లకు మాత్రం ఒకదానితో ఒకటి పొసగడం ఎప్పుడూ కష్టమే.

ఏర్పాటు

1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం 1974 ఏప్రిల్ 1న ఈ బరో ఏర్పడింది. బూటిల్, సౌత్‌పోర్ట్ కౌంటీ బరోలను, క్రాస్బీ బరోను, ఫార్మ్‌బీ, లిథర్‌లాండ్ పట్టణ జిల్లాలను, పశ్చిమ లాంకషైర్ గ్రామీణ జిల్లాలో కొంత భాగాన్ని ఇందులో కలిపారు. కౌంటీ బరో అంటే కౌంటీ పెత్తనం లేకుండా తన పాలన తానే చూసుకునే పట్టణం. అటువంటివి రెండింటిని ఒకే గొడుగు కిందికి తెచ్చినప్పుడు ఏ ఒక్కదాని పేరు పెట్టినా రెండోది ఒప్పుకోదు. అందుకని లోపల ఉన్న సెఫ్టన్ అనే చిన్న పల్లె పేరు పెట్టి ఊరుకున్నారు. లివర్‌పూల్‌లోని ప్రసిద్ధమైన సెఫ్టన్ పార్కు ఈ బరోలో లేదు, కొత్తవాళ్లు తరచూ పొరబడుతుంటారు.

అంతకుముందు సౌత్‌పోర్ట్ లాంకషైర్‌లో ఉండేది. కొత్త చట్టం తొలి ముసాయిదాలో దాన్ని అక్కడే ఉంచాలనుకున్నారు. అలా ఉండిపోతే బడుల నిర్వహణ లాంటి అధికారాలు కౌంటీకి వదిలేసి మామూలు జిల్లాగా మిగలాలి. అది ఇష్టం లేక మెర్సీసైడ్‌లో చేరతామని అప్పటి పట్టణ పెద్దలే పట్టుబట్టారు. ఆ తర్వాత బయటికి పోదామన్న డిమాండు వినిపిస్తున్నది కూడా ఎక్కువగా సౌత్‌పోర్ట్ నుంచే. తమది లాంకషైరేనని చెప్పుకునేవాళ్లు అక్కడ ఈనాటికీ ఉన్నారు. 1986లో మెర్సీసైడ్ కౌంటీ కౌన్సిల్ రద్దయ్యాక దాని పనుల్లో చాలావరకు బరోల చేతికే వచ్చాయి. కౌన్సిల్ కార్యకలాపాలు ఇప్పటికీ బూటిల్, సౌత్‌పోర్ట్ టౌన్‌హాళ్ల మధ్య పంచుకుని నడుస్తాయి.

బూటిల్, క్రాస్బీ

బూటిల్ రేవు మీద బతికిన ఊరు. లివర్‌పూల్ రేవుల వరస ఉత్తరానికి పెరుగుతూ వచ్చి ఈ ఊరి ఒడ్డునంతా ఆక్రమించింది. 1927లో తెరిచిన గ్లాడ్‌స్టోన్ డాక్, 1970ల మొదట్లో వచ్చిన సీఫోర్త్ డాక్, పెద్ద కంటైనర్ ఓడల కోసం 2016లో ప్రారంభించిన లివర్‌పూల్2 టెర్మినల్ పేరుకు లివర్‌పూల్‌వే గాని ఉన్నది సెఫ్టన్ నేల మీద. రెండో ప్రపంచయుద్ధంలో ఈ రేవే ఊరికి ముప్పు తెచ్చింది. 1941 మే మొదటి వారంలో జర్మన్ విమానాలు వరసగా కురిపించిన బాంబులకు బూటిల్‌లో దెబ్బతినని ఇల్లు అరుదు.

ఆ శిథిలాలు ఇప్పటికీ కంటికి కనిపిస్తాయి. కూలిన కట్టడాల రాళ్లూ రప్పలూ లారీల్లో తెచ్చి, తీరం కోసుకుపోకుండా క్రాస్బీకి ఉత్తరాన హైటౌన్ వైపు ఒడ్డు పొడుగునా పోశారు. ఎనభై ఏళ్లు అలలు రుద్దగా అంచులు అరిగి గులకరాళ్లలా గుండ్రబడిన ఎర్ర ఇటుకలు, వాటి మధ్య చెక్కడపు పని ఉన్న గుమ్మపు రాళ్లు, అక్షరాలు మిగిలిన పలకలు. ఇంగ్లండ్‌లో యుద్ధ స్మారకాలకు కొదవ లేదు గాని, ఎవరూ స్మారకం అనుకోకుండా పోసిన ఈ గుట్టలు వాటిలో చాలావాటికంటే నేరుగా మాట్లాడతాయి.

దానికి కొద్ది దూరంలోనే క్రాస్బీ బీచ్‌లో శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీ నిలిపిన వంద ఇనుప మనుషులున్నారు. పేరు ‘అనదర్ ప్లేస్’. శిల్పి తన ఒంటి అచ్చుతోనే పోత పోయించిన ఈ బొమ్మలు ఒక్కొక్కటి 189 సెంటీమీటర్ల ఎత్తు, 650 కిలోల బరువు. దాదాపు మూడు కిలోమీటర్ల మేర సముద్రం వైపు చూస్తూ నిలబడి, పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటుకు తేలుతాయి. జర్మనీ, నార్వే, బెల్జియం తీరాల్లో ప్రదర్శించాక 2005లో ఇక్కడికి తాత్కాలికంగా తెచ్చారు. పడవలకు అడ్డమనీ, చూడవచ్చినవాళ్లు పోటులో చిక్కుకుంటారనీ అభ్యంతరాలు వచ్చినా, 2007లో శాశ్వతంగా ఉంచాలని నిర్ణయించారు.

ఫార్మ్‌బీ ఇసుక

ఈ తీరంలో సముద్రం ఒకచోట తీసి మరోచోట పెడుతుంది. ఫార్మ్‌బీ పాయింట్ దగ్గర ఇసుక దిబ్బలను ఏటా మీటర్ల కొద్దీ కోసేస్తూ, ఆ ఇసుకను ఉత్తర, దక్షిణ దిక్కులకు మోసుకుపోతుంది. ఆ కోతలో బయటపడేవి అన్నీ ప్రకృతి దాచినవే కావు: 1950ల నుంచి 1970ల దాకా దిబ్బల మధ్య పారబోసిన పొగాకు వ్యర్థం ఇప్పుడు నల్లటి గట్టులా బయటికొచ్చి కరుగుతోంది.

అదే కోత మరో అపురూపాన్నీ చూపించింది. ఇసుక కింది పాత బురద పొరల్లో మనుషుల అడుగుజాడలున్నాయి. కొన్ని దాదాపు 9 వేల ఏళ్ల నాటివి. కాలివేళ్ల గుర్తులు కూడా చెదరలేదు. పక్కనే ఎర్ర దుప్పులు, కొంగలు, అంతరించిపోయిన అడవి ఎద్దులు నడిచిన జాడలు. ఎండలో గట్టిపడిన బురదను ఇసుక కప్పేయడంతో ఇవి నిలిచాయి. బయటపడ్డాక ఎన్నో రోజులుండవు, పోటు తుడిచేస్తుంది. దిబ్బల వెనకున్న పైన్ తోపుల్లో ఎర్ర ఉడతలు ఉంటాయి. 2008లో ఉడత మశూచి సోకి వాటిలో అత్యధిక భాగం చనిపోయాయి, తర్వాత మళ్లీ కొంత పుంజుకున్నాయి. 1967 నుంచి ఇక్కడి తీరంలో కొంత నేషనల్ ట్రస్ట్ అనే సంరక్షణ సంస్థ చేతిలో ఉంది.

సౌత్‌పోర్ట్

1792లో విలియం సటన్ అనే సత్రం యజమాని సముద్ర స్నానాలకు వచ్చేవాళ్ల కోసం ఇసుక మీద ఒక వసతి వేశాడు. ఊరు అక్కడి నుంచి పెరిగింది. 1848లో రైలు వచ్చాక విహార పట్టణమైంది. కానీ ఇసుక మేటలు వేసి సముద్రం దూరమవుతూ పోయింది. నీటిని అందుకోవడానికి 1860లో కట్టిన పియర్‌ను తర్వాత ఇంకా పొడిగించాల్సి వచ్చింది. సుమారు 1.1 కిలోమీటర్ల పొడవుతో బ్రిటన్‌లో రెండో స్థానం దానిది. భద్రతా కారణాలతో 2022 డిసెంబరులో మూసేశారు.

1886 డిసెంబరు 9 రాత్రి ‘మెక్సికో’ అనే జర్మన్ ఓడ ఈ తీరం దగ్గర ఇసుకలో చిక్కుకుంది. కాపాడబోయిన సౌత్‌పోర్ట్ పడవలో 16 మందికి 14 మంది, సెయింట్ ఆన్స్ పడవలో 13 మందికి 13 మందీ మునిగిపోయారు. ఓడలోని 12 మందినీ మూడో పడవ, లిథమ్ వాళ్లది, క్షేమంగా తెచ్చింది. బ్రిటన్ లైఫ్‌బోటు చరిత్రలో అంతటి నష్టం మరొకటి లేదు.

ఈ ఇసుక ఒక గుర్రానికి మేలు చేసింది. కాలి ఎముక జబ్బున్న రెడ్ రమ్‌ను శిక్షకుడు జింజర్ మెకెయిన్ తన కార్ల షోరూమ్ వెనకున్న పాకలో కట్టేసి, రోజూ సౌత్‌పోర్ట్ బీచ్‌లో ఉప్పునీళ్ల అంచున పరిగెత్తించాడు. ఆ గుర్రం 1973, 1974, 1977ల్లో గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం గెలిచింది, మధ్య రెండేళ్లూ రెండో స్థానంలో వచ్చింది. ఆ పందెం మూడుసార్లు గెలిచిన గుర్రం ఇంకొకటి లేదు. పందెం జరిగే ఎయిన్‌ట్రీ మైదానం కూడా ఈ బరోలోనిదే. రెడ్ రమ్‌ను 1995లో అక్కడే, గెలుపు గుంజ పక్కన పాతిపెట్టారు.

2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో పిల్లల నృత్య తరగతిపై జరిగిన కత్తి దాడిలో ముగ్గురు బాలికలు చనిపోయారు. నిందితుడి గురించి అబద్ధపు ప్రచారం సాగి, మర్నాడు స్థానిక మసీదు ఎదుట అల్లరి మూకలు చెలరేగాయి. ఆ అల్లర్లు దేశంలోని ఇతర ఊళ్లకూ పాకాయి.

పాలన, రాకపోకలు

కౌన్సిల్‌లో 22 వార్డులు, వార్డుకు ముగ్గురు చొప్పున 66 మంది సభ్యులు. 2012 నుంచి లేబర్ పార్టీకి ఆధిక్యం. పార్లమెంటు స్థానాల్లో బూటిల్ లేబర్‌కు పెట్టని కోట. అదే సౌత్‌పోర్ట్‌లో ఆ పార్టీ మొట్టమొదటిసారి గెలిచింది 2024లోనే.

లివర్‌పూల్ నుంచి బూటిల్, క్రాస్బీ, ఫార్మ్‌బీల మీదుగా సౌత్‌పోర్ట్‌కు వెళ్లే రైలు మార్గాన్ని 1904లోనే విద్యుదీకరించారు. బరోలోని తీరపు ఊళ్లను నిత్యం కలిపేది ఇదే. లాంకషైర్ పాలనా కేంద్రమైన ప్రెస్టన్‌కు కూడా సౌత్‌పోర్ట్ నుంచి నేరుగా ఒక మార్గం ఉండేది. కౌంటీ మారడానికి పదేళ్ల ముందే, 1964లో దాన్ని మూసేశారు. రైల్లో ప్రెస్టన్ వెళ్లాలంటే ఇప్పుడు విగన్ చుట్టి పోవాలి.