కోనసీమ సేద్యం – ఉమ్మడి నీరు

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, కాలువగట్లు, అరటిగెలలు మన కన్నులముందు మెదులుతాయి. ఆ పచ్చదనం నేలకు పుట్టుకతోనే అబ్బినదని చాలామంది భావిస్తారు. చరిత్రను తరచి చూస్తే ఆ భావనలో సగమే నిజమని తెలుస్తుంది. నేలను గోదావరి ఇచ్చినది. ఆ నేలమీద ఏటేటా పంట నిలవడం మాత్రం పదిమంది ఉమ్మడి కృషివలన సాధ్యమైనది. ఆ సంగతి మరచినప్పుడల్లా ముందుగా నష్టపోయినవాడు చిన్నరైతే.

ధవళేశ్వరం దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. ఆ రెంటి నడుమ, సముద్రంవరకు వ్యాపించిన నేలయే కోనసీమ. వసిష్ఠనుండి విడివడిన వైనతేయం దానిని మళ్లీ రెండు భాగాలు చేసినది. వరద వచ్చి తీసిన తరువాత లంకలమీద మిగిలే ఒండ్రే పూర్వపు రైతుకు ఎరువు. అయితే నది కరుణ నమ్మదగినది కాదు. నీరు రాని యేడు కరువు, మితిమీరిన యేడు మునక.

ఈ దుస్థితిని తొలగించడానికి ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. వైనతేయానికి ఆవలనున్న నగరం లంకకు కూడా నీరు అందవలెనని గన్నవరంవద్ద అక్విడక్టు నిర్మించినారు. క్రింద నది, పైన కాలువ పారే ఆ కట్టడంతో లంక పొలాలకూ సాగునీరు దక్కినది.

నీరు తేవడం ఒక యెత్తు, పంపివేయడం మరొక యెత్తు. కోనసీమ పల్లపు నేల. సముద్రానికి పోటు వచ్చిన వేళ మురుగు కాలువల నోళ్లవద్ద ఉప్పునీరు ఎదురు తన్నుతుంది. కాలువలో ఒండ్రు పూడి, గుర్రపుడెక్క అల్లుకొన్నదంటే, అక్టోబరు, నవంబరు వానలకు సార్వా వరి రోజుల తరబడి నీటిలో నానుతుంది. ఒక రైతు తన గట్టును ఎంత చక్కగా వేసుకొన్నా, దిగువ ఊరి కాలువ పూడితే మునిగేది అతని చేనే.

2011లో ఈ కష్టం దేశమంతటికీ తెలిసివచ్చినది. ఆ సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాలలో నాట్లు మాని పంట విరామం ప్రకటించినారు. ఆ యేడు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలి, ఎరువు, దుక్కి ఖర్చులు కలుపుకొంటే అది గిట్టదని వారు మొరపెట్టుకొన్నారు. మురుగు కాలువలు బాగుచేయించమని కూడా అడిగినారు. విచారణకు ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. 2022లో పంట విరామం మాట కోనసీమలో మళ్లీ వినిపించినది. చేను బీడు పడితే రైతుకు నష్టం కొంత తప్పవచ్చును; నాట్లకూ కోతలకూ వెళ్లే కూలివారికి మాత్రం ఆ పూట కూడే తప్పుతుంది.

ఖర్చు తగ్గించుకొనే దారిగా ప్రకృతి సేద్యం ఈ దశలో ముందుకు వచ్చినది. 2016 నుండి రైతు సాధికార సంస్థ దీనిని రాష్ట్రమంతటా ప్రచారం చేసినది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానంలో భాగం లభించినది. ఇందులో ప్రధానమైనది జీవామృతం. పది కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను రెండు వందల లీటర్ల నీటిలో కలిపి పులియబెడితే ఎకరానికి సరిపోతుంది. ఈ పద్ధతి పూర్తిగా కొత్తదేమీ కాదు. సార్వా కోసిన చేనిలో మినుములు, పిల్లిపెసర చల్లడం, జనుము, జీలుగ దున్ని కలపడం మన పెద్దలు ఎరిగినవే.

అయినప్పటికీ ఒక్క రైతు పీపాలో కలిపిన జీవామృతం మునిగిన చేనిలో ఎంతకాలం నిలుస్తుంది? మురుగునీటితోపాటు అదీ కొట్టుకొనిపోతుంది. కొబ్బరితోటల అనుభవం కూడా ఇదే చెప్పుచున్నది. 2016లో మన దేశంలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కోనసీమ తోటలను కూడా పట్టుకొన్నది. విషపు మందు చల్లితే దోమను తినే మిత్రకీటకాలు సైతం చస్తాయి. కనుకనే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రకీటకాలను, దోమను చంపే ఒక శిలీంద్రాన్ని పెంచి రైతులకు అందించినది. అయితే మిత్రకీటకానికి కంచెతో పనిలేదు. ఒక తోటలో వదలిన దానిని పక్క తోటలో చల్లిన మందు చంపగలదు.

మరొక చిక్కు కౌలు. నేల సారం మెరుగుపడడానికి కొన్ని యేండ్లు పడుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందానికి ఇచ్చిన గడువు పదకొండు నెలలు. వచ్చే యేడు తనకు దక్కునో దక్కదో తెలియని నేలకు కౌలుదారు పేడ మోయవలెనంటే, ఆ నేల తనదగ్గర కొన్నేళ్లయినా ఉంటుందన్న ధైర్యం కావాలి.

కాబట్టి కోనసీమలో సేద్యాన్ని ప్రకృతికి దగ్గర చేయవలెనంటే ఎరువు మార్చినంతమాత్రాన చాలదు. వేసవిలో మురుగు కాలువ పూడిక తీయవలెను. ఇరుగుపొరుగు తోటలవారు మందు విషయమై ఒక్కమాటమీద ఉండవలెను. కౌలుదారుకు నేలమీద భరోసా కలగవలెను. పెద్ద కాలువల పని ప్రభుత్వానిదే, సందేహం లేదు. బోదెలు మాత్రం ఊరివారివి. ఎకరం చేనికి జీవామృతం కలపడానికి ఒక పీపా చాలును. ఆ చేనిలోని నీరు కదలడానికి ఊరంతా కదలవలెను.