గుఱ్ఱపుడెక్క: అందమును అపకారమును



కాకినాడనుండి కాలువగట్టున ధవళేశ్వరమువైపు పోవునపుడు, ఒక్కొక్కచోట నీరు కానరాక, ఊదాపూలు పొదిగిన పచ్చని తివాచివంటిది కన్నులబడును. ఎఱుగనివాడు నిలిచి చూచి మురియును. ఎఱిగిన రైతు నిట్టూర్చును. అదియే గుఱ్ఱపుడెక్క. ఆకు గుఱ్ఱపు గిట్టను పోలియుండుటచే దానికా పేరు వచ్చినది. పువ్వు పైరేకుమీద నీలపుటంచు నడుమ పసుపుచుక్క, అచ్చముగ నెమలికన్నువలె నుండును. ఇట్టి పువ్వును ద్వేషించుట యెట్లని నేనును ఒకప్పుడనుకొంటిని. దాని ఫలమును అనుభవించితిని. ఆ ముచ్చట కడపట మనవి చేసెదను.

ఈ మొక్క మనది కాదు. దీని పుట్టినిల్లు దక్షిణామెరికాలోని అమెజాను నదీప్రాంతము. అచట దీనిని తిను పురుగులు కలవు గావున హద్దు మీఱదు. పూలపై మోజుచే 19వ శతాబ్దమున దీనిని తోటలలోని కొలనులకై దేశదేశములకు కొనిపోయిరి. పురుగులను మాత్రమెవ్వరును వెంట తీసికొనిపోలేదు. మన దేశమున మొదట 1896 ప్రాంతమున బెంగాలులో ప్రవేశించినదని చెప్పుదురు. వెచ్చని నిలుకడనీటిలో రెండు వారములకే రెట్టింపగు మొక్కకు అడ్డేమున్నది? అది చెఱువులను, వరిపొలములను ఆక్రమింపగా, 1936లో బెంగాలులో దాని నిర్మూలనమునకు ప్రత్యేకశాసనమే చేయవలసివచ్చినది. కోరంగీలని పేరుపడిన మన తెలుగు కూలీలు ఓడలెక్కి పోయిన బర్మాలో అంతకుముందే, 1917లో, అట్టి శాసనము వెలసినది.

ఇక మన సంగతి. కాటను దొర 1847లో ధవళేశ్వరము ఆనకట్టను ఆరంభించి 1852 నాటికి ముగించెను. ఆ నీటిచేతనే మన సీమ అన్నపూర్ణ యైనది. ధాన్యపు పడవలు నడచిన ఆ కాలువలలో నేడు గుఱ్ఱపుడెక్క అల్లుకొని నీటివడిని తగ్గించుచున్నది. ఎగువవానికి నష్టము స్వల్పమే. సముద్రముదాపున శివారుభూమి గలవానికి మడి యెండును. మొక్క క్రింద వెలుతురును ప్రాణవాయువును తఱిగి చేపలు చచ్చును. దోమలు ప్రబలును.

ఇట్టి సంకటము మనకొక్కరికే కాదు. అమెరికాలోని లూసియానా సీమలోని జలమార్గములనుగూడ ఈ మొక్కయే కప్పివేసినది. ఆ సీమకే 1930 తరువాతి సంవత్సరములలో న్యూట్రియా యను జంతువును, బొచ్చుతోళ్లవ్యాపారమునకై, దక్షిణామెరికానుండి తెచ్చిరి. ఎలుకజాతిదే గాని, మన పందికొక్కుకంటె చాల పెద్దది. తల్లి ఈదుచునే తన ప్రక్కనంటిన పిల్లలకు పాలిచ్చును. చూచినవారికి ముచ్చట గొలుపును. నీటికలుపును తినునని తలచి దానిని మడుగులలో విడిచిరి. అది కలుపును రూపుమాపలేదు. తీరపు నేలను పట్టి నిలుపు గడ్డిని వేళ్లతోగూడ తిని, ఆ నేల నీటిపాలగుటకు కారణమైనది. ఇంగ్లండులో 1929లో తెచ్చిన ఈ జంతువులనే బోనులు పెట్టి పట్టి, 1989 నాటికి నిర్మూలించిరి. పాపము, ఆ జంతువు చేసిన తప్పేమి? ఆకలికి తిన్నది. తెచ్చినవాడు మనుష్యుడు.

మన దేశమున 1980 తరువాత, ఈ మొక్కను తిను ముక్కుపురుగును బెంగుళూరునకు తెప్పించి పెంచి విడిచిరి. కొన్ని చెఱువులలో ఆ యత్నము ఫలించినది. మన కాలువలలో మాత్రము నేటికిని మనుష్యుల చేతులును యంత్రములును ఆ పని చేయవలసియున్నవి.

ఇక నా కథ. నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనైన దినములలో ఒక బాలుడు ముంతలో ఈ మొక్క తెచ్చియిచ్చెను. పువ్వునకు మురిసి బడివెనుక చెఱువులో వేయించితిని. రెండు వానకాలములు గడచునప్పటికి నీరు కనబడలేదు. పశువులు దిగుటకు త్రోవ లేకపోయినది. పిల్లలతోగూడ నేనును మోకాలిలోతు బురదలో దిగి దినములకొలది పెఱికితిని. ఒకనాడా బాలుడే, "మాస్టారండీ, ఇంకా పూలున్నాయండీ, ఇప్పుడే పీకెయ్యాలాండీ?" అని యడిగెను. నాకు గొంతు పెగలలేదు. "పువ్వు నీ పుస్తకములో దాచుకొనుము నాయనా, వేరు మాత్రము గట్టుపైకి వేయుము" అంటిని.

అందమును చూచి మెచ్చుటయు, అపకారమును చూచి పెఱుకుటయు ఒకే మనస్సు చేయవలసిన పనులే. మెచ్చినందున చేయి వెనుదీయరాదు. పెఱికినందున మనస్సు బండబారరాదు. అన్నిటికంటె ముఖ్యము, పరదేశపు మొక్కనైనను జంతువునైనను ముద్దుగా నున్నదని తెచ్చి మన నీటిలో విడువకుండుట. ఆ తప్పు చేసినవాడను గనుకనే ఈ మాట చెప్పుటకు సాహసించితిని.