మేరీ మహాలక్ష్మి అయితేనే పెళ్లి

(తెర మీద కులం – 9)



పోయిన వారం మదనపల్లెలో మా డిగ్రీ పిల్లలకు ప్రొజెక్టర్ పెట్టి 'మిస్సమ్మ' చూపించాను. 1955 జనవరిలో వచ్చిన సినిమా. ముప్పై సెకన్ల రీల్ కూడా చివరిదాకా చూడని పిల్లలు దాదాపు మూడు గంటలు కదల్లేదు. సావిత్రి విసుక్కున్నప్పుడల్లా నవ్వారు. రేలంగి కనిపిస్తే ఈలలు వేశారు. అయిపోయాక చప్పట్లు కొట్టారు. పుంగనూరు నుంచి బస్సులో వచ్చే ఒక పాప మాత్రం కొట్టలేదు.

"ఏం పాపా, నచ్చలేదా?" అన్నాను.

"బాగుంది మేడం. కానీ కడాకు మేరీ చచ్చిపాయ గదా!" అనింది.

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ సినిమాలో ఎవరూ చావరు. ఆ పాప మాత్రం నవ్వలేదు. "మహాలక్ష్మికి పెళ్లయింది మేడం. మేరీకి కాలేదు" అనింది.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నాకు ఇంత సూటిగా ఎప్పుడూ తట్టలేదు. ఈ వారం వ్యాసమంతా ఆ పాప మాట చుట్టూనే.

కథ మీకు తెలిసిందే. అప్పారావుపేట జమీందారు తన బడికి టీచర్లు కావాలని ప్రకటన ఇస్తాడు. ఇద్దరూ గ్రాడ్యుయేట్లు అయి ఉండాలి, భార్యాభర్తలు అయి ఉండాలి. మేరీకి ఉద్యోగం లేదు, ఇంటి మీద అప్పుంది, అప్పిచ్చిన డేవిడ్ పెళ్లి చేసుకోమని వేధిస్తున్నాడు. ఎం.టి. రావుకూ ఉద్యోగం లేదు. పరిచయమే అంతంతమాత్రమైన ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని చెప్పి ఉద్యోగంలో చేరతారు. ఆమె క్రిస్టియన్, అతను హిందువు. బొట్టు దగ్గర్నుంచి వ్రతాల దాకా అన్నింటికీ తగువులే. ఆ తగువుల్లోంచే ప్రేమ. చివరికి తేలేది ఏమిటంటే, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మే ఈ మేరీ.

ఈ కథ పుట్టింది మన దగ్గర కాదు. రవీంద్రనాథ్ మైత్ర అనే బెంగాలీ రచయిత 1932లో రాసిన 'మన్మయీ గర్ల్స్ స్కూల్' నాటకం దీనికి మూలం. 1935లో అది బెంగాలీలో సినిమాగా వచ్చింది. తెనాలి చక్రపాణి దాన్ని తెలుగు చేశాడు, ఎల్.వి. ప్రసాద్ తీశాడు. ఆ 1932 అనే సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో మునిగిన కాలం. పంట ధరలు కూలి, డిగ్రీలు చేతిలో పెట్టుకుని యువకులు రోడ్ల మీద తిరుగుతున్న కాలం. ఉద్యోగం కోసం దొంగ పెళ్లి ఆడటమనే ఆలోచన ఆ ఆకలిలోంచి వచ్చింది. అందుకే నిరుద్యోగం తెలిసిన ఏ తరం చూసినా నవ్వొస్తుంది, కడుపులో కొంచెం మండుతుంది కూడా. మొన్న మా పిల్లలు నవ్వింది కూడా అందుకే. వాళ్లలో సగం మంది డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లే.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలోనూ ఇలాంటి కథలే ఆడాయి. 1933 నాటికి అక్కడ ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. ఆ మరుసటి ఏడాది ఫ్రాంక్ కాప్రా 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' తీశాడు. కోటీశ్వరుడి కూతురు తండ్రి దగ్గర్నుంచి పారిపోయి మామూలు బస్సెక్కుతుంది. పక్కన ఉద్యోగం పోగొట్టుకున్న విలేకరి. దారిలో బసలో మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి, మంచాల మధ్య దుప్పటి కట్టుకుని పడుకుంటారు. మిస్సమ్మకు దూరపు అక్క అనుకోండి. ఆ సినిమాలో నాకు బాగా నచ్చేది చివరి లెక్క. కూతురి ఆచూకీ చెబితే పదివేల డాలర్లని తండ్రి ప్రకటిస్తాడు. విలేకరి అది ముట్టడు. దారిలో తనకైన ఖర్చు 39 డాలర్ల 60 సెంట్లు మాత్రం అడుగుతాడు. పేదవాడు పేదవాడుగానే ఉండి, తలెత్తుకుని ఆ అమ్మాయిని పెళ్లాడతాడు.

1936లో 'మై మ్యాన్ గాడ్‌ఫ్రీ' వచ్చింది. పెద్దింటివాళ్లు సరదా పందెం కోసం చెత్తకుప్పల దగ్గర బతికే నిరుద్యోగిని పట్టుకొస్తారు. ఆ ఇంటి అమ్మాయి అతన్ని నౌకరుగా పెట్టుకుని ప్రేమిస్తుంది. తీరా చూస్తే అతను బోస్టన్‌లోని సంపన్న కుటుంబం వాడు. బోస్టన్‌లో అలాంటి పాత కుటుంబాలను ఏమంటారో తెలుసా? బ్రాహ్మిన్లు! పందొమ్మిదో శతాబ్దంలో వాళ్ల రచయిత ఒకడు మన దగ్గర్నుంచి అరువు తెచ్చుకుని పెట్టిన పేరది. చెత్తకుప్ప మీద దొరికినవాడు కూడా చివరికి బ్రాహ్మణుడే కావాల్సి వచ్చింది చూడండి.

అయినా అమెరికా కథల్లో డబ్బు గోడ ఎక్కడానికి ఏదో ఒక నిచ్చెన ఉంది. రంగు గోడకు లేదు. 1934 జులై నుంచి హాలీవుడ్‌లో కఠినంగా అమలైన నియమావళి తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమ సంబంధాన్ని తెర మీద చూపకూడదని నిషేధించింది. కోటీశ్వరుడి కూతురు నిరుద్యోగిని చేసుకోవచ్చు. అది కామెడీ. నల్లవాడిని చేసుకోకూడదు. అది నేరం.

అదే 1934లో 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' అనే ఇంకో సినిమా వచ్చింది. బస్సెక్కిన కోటీశ్వరుడి కూతురుగా వేసిన క్లాడెట్ కోల్బర్టే ఇందులోనూ కథానాయిక. అందులో పియోలా అనే అమ్మాయి ఉంటుంది. తల్లి నల్లగా ఉంటుంది, తను తెల్లగా పుడుతుంది. తెల్లమ్మాయిగా బతకడం కోసం కన్నతల్లినే ఎవరో తెలియదంటుంది. తల్లి శవపేటిక మీద పడి ఏడ్చినప్పుడు మనకూ గుండె ఆగుతుంది. రెండు సినిమాల్లోనూ ఒక అమ్మాయి తానెవరో దాచుకుంటుంది. పైనున్న అమ్మాయి దాచుకుంటే నవ్వుకున్నాం. కిందున్న అమ్మాయి దాచుకుంటే ఏడ్చాం. మారువేషం పైవాళ్లకు ఆట. కిందివాళ్లకు ఊపిరి.

మన దగ్గర ఈ సంగతి బాబాసాహెబ్ కంటే బాగా ఎవరు చెప్పారు? 1917లో అమెరికా, లండన్ చదువులు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లాడు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. పదకొండో రోజున డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల దగ్గరికి వెళ్లాడు. ఒకరు హిందువు, ఒకరు క్రిస్టియన్. ఇద్దరూ ఇంట్లో పెట్టుకోలేకపోయారు. రైలు టైము దాకా పార్కులో కూర్చున్నాడు. ఈ అనుభవాన్ని ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నది 1930ల మధ్యలో. అంటే హాలీవుడ్ మారువేషాలతో ప్రపంచాన్ని నవ్విస్తున్న రోజుల్లోనే.

ఇప్పుడు మిస్సమ్మ దగ్గరికి వద్దాం.

ముందు న్యాయంగా ఒక మాట చెప్పాలి. రావు ప్రేమించింది మేరీని. ఆమె జమీందారు కూతురని తెలియకముందే ప్రేమించాడు. వెన్నెల్లో చందమామతో మొరపెట్టుకునే ఆ పాట మేరీ కోసమే. సినిమాకు మంచి మనసుంది, కాదనను. కానీ ప్రేమ మేరీతో పుట్టి, పెళ్లి మహాలక్ష్మితో జరుగుతుంది. ఆ మధ్యలో ఏం జరిగిందన్నదే మన ప్రశ్న.

సినిమా అంతా హిందూ, క్రిస్టియన్ అంటూ మతం గురించే మాట్లాడుతుంది. మతాల తగువు కాబట్టి నవ్వుకోగలిగాం. కానీ తెలుగు ఊళ్లలో క్రిస్టియన్ అనగానే జనం మనసులో మెదిలేది మతం కాదు, ఊరి బయటి పేట. సినిమా ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తదు. మేరీని కన్నబిడ్డలా పెంచిన ఆ దంపతుల కులమేమిటి? ఆమె నిజంగానే వాళ్ల కడుపున పుట్టి ఉంటే? జమీందారిణి అదే ప్రేమతో ఇంట్లో తిప్పుకునేదా? ఈ ప్రశ్నలు రాకుండా కాలి మీద ఒక పుట్టుమచ్చ కాపాడింది. అమెరికా కథలో దాచిపెట్టింది డబ్బు. మన కథలో దాచిపెట్టింది పుట్టుక. డబ్బు సంపాదించుకోవచ్చు, పుట్టుకను సంపాదించుకోలేం. అందుకే మన రచయితలకు పుట్టుమచ్చలు ఇంత అవసరం.

పదిహేడేళ్ల ముందే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. చలం కథ. అందులో మాలపిల్ల చివరిదాకా మాలపిల్లే. ఏ జమీందారూ వచ్చి నా కూతురే అనలేదు. ఆ ధైర్యానికి దండం పెట్టాలి. అయితే అక్కడ కూడా ఛాందస బ్రాహ్మణుడి మనసు మారాలంటే అగ్నిప్రమాదంలో ఆయన భార్య ప్రాణాన్ని ఒక దళితుడు కాపాడాల్సి వచ్చింది. దాని గురించి విడిగా రాస్తాను.

మిస్సమ్మ అనే మాట మా ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లెకు అమెరికన్ ఆర్కాట్ మిషన్ వచ్చింది. మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి ఆ మిషన్ల కాలం నాటివే. మా అవ్వ మూడో తరగతి దాకా మిషన్ బడిలో చదివింది. అక్షరం నేర్పిన ప్రతి ఆడమనిషీ ఆమెకు మిస్సమ్మే. సినిమాలో మిస్సమ్మ నవ్వు తెప్పించే పేరు. మా అవ్వకు మొదటిసారి పలక పట్టించిన మనిషి పేరు.

ఆ అవ్వకు రెండు పేర్లుండేవి. చర్చిలో మార్తమ్మ. రేషన్ కార్డులో లక్ష్మమ్మ. మీలో ఎంతమంది ఇళ్లలో ఇలా లేదు? 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువులు కానివారు షెడ్యూల్డ్ కులాల కిందికి రారంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులకు బీసీ-సీ కింద ఒక్క శాతం. మతం మారినా పేట మారలేదు, బావి మారలేదు, పిలుపు మారలేదు. కాగితం మాత్రం మారింది. ఆ ఉత్తర్వు వచ్చిన అయిదో ఏట మిస్సమ్మ విడుదలైంది. తెర మీద మేరీ మహాలక్ష్మి అయితే ఊరంతా సంబరం. తెర బయట మార్తమ్మ లక్ష్మమ్మ అయితే దొంగతనం. జమీందారు బిడ్డకు రెండు పేర్లుంటే కథ. మన బిడ్డకు రెండు పేర్లుంటే కేసు.

ఇది పాత సంగతి కూడా కాదు. కుప్పం నుంచి బెంగళూరుకు రైలెక్కే మన పిల్లలను అడగండి. అద్దె గది కోసం ఇంటిపేరు మింగేసిన వాళ్లు, ఆదివారం ఎక్కడికి వెళ్తున్నావంటే సినిమాకని చెప్పిన వాళ్లు, "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకున్న వాళ్లు. వాళ్లను తక్కువగా చూడొద్దు. సిగ్గుపడాల్సింది అబద్ధం చెప్పినవాడు కాదు, అబద్ధం చెబితే తప్ప గది ఇవ్వనివాడు.

మిస్సమ్మను చూడొద్దని నేను అనను. నేను మళ్లీ చూస్తాను, మళ్లీ నవ్వుతాను. కాకపోతే ఇకమీదట ఏ ప్రేమకథ చూసినా చివర్లో ఒక్కటి అడగండి. ఈ పెళ్లి జరగడానికి ఎవరు ఎవరుగా మారాల్సి వచ్చింది? ఎప్పుడూ మనమే ఎందుకు మారాలి?

ఆ పుంగనూరు పాపను ముగింపు తిరగరాసి తెమ్మన్నాను. నిన్న తెచ్చింది. అర పేజీ. అందులో జమీందారు కూతురు దొరకదు. మేరీ కాలి మీద ఏ మచ్చా ఉండదు. రావు వచ్చి పెళ్లి చేసుకుందామా అని అడుగుతాడు. మేరీ, "మా అమ్మానాన్నలను అడగండి, పేటకు రండి" అంటుంది. కథ అక్కడితో ఆపేసింది.

"రావు పోయినాడా పాపా?" అని అడిగాను.

"అది రావు ఇష్టం మేడం" అనింది.

వచ్చే వారం 'మాలపిల్ల'. మీ ఇళ్లలో రెండు పేర్ల కథలుంటే, చెప్పగలిగినంత మేరకే, రాయండి.

జై భీమ్.