కొలువు మెట్ల ముందర రైలుకట్ట

బొమ్మల కొలువును గూర్చి వ్రాసినవారు సాధారణంగా మెట్ల మీది బొమ్మలనే వర్ణిస్తారు. బేసి సంఖ్యలో మెట్లు, పైన కలశం, దశావతారాలు, తిరుపతి ఎర్రచందనపు కొయ్య జంట. మెట్లకు ముందు నేల మీద పిల్లలు కట్టే ఊరికి మాత్రం ఒకటి రెండు వాక్యాలకు మించి దక్కవు. నమూనా రైళ్ళ ప్రదర్శన అని నేడు ప్రపంచమంతటా పేరు పొందిన కళకు మన తెలుగునాట దగ్గరి చుట్టం ఆ నేల మీది ఊరే అని నా అభిప్రాయం.

కోస్తాలో కొలువు ఎక్కువగా సంక్రాంతికి, మా పూతలపట్టు వైపు దసరాకు. పండుగకు కొన్నాళ్ళ ముందే మట్టి పరచి రాగులు, ఆవాలు చల్లితే నవరాత్రుల నాటికి మొలకెత్తి పచ్చని మడి అయ్యేది. అద్దం ముక్క చుట్టూ ఇసుక పోస్తే చెరువు. ఇటుక పొడి బాట. బొగ్గులు, చిట్టెపురాళ్ళు పేర్చితే కొండ, దాని మీద గుడి. ఆ కొండ చుట్టూ తాళం తిప్పితే పరుగెత్తే రేకు రైలు. కొండపల్లి వారు తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి చేసే తాటిచెట్టు, గీత కార్మికుడు, పల్లెపడుచు ఈ ఊరిలో కాపురముండేవారు.

పాశ్చాత్యులు ఇదే పనిని మరొక వైపు నుండి మొదలుపెట్టినారు. వారికి ముందు రైలు, తరువాత ఊరు. ఇంగ్లండులో 1930లలో జాన్ అహెర్న్ 'మాడర్ వ్యాలీ' అనే కల్పిత రైలుమార్గాన్ని నిర్మించి, ఇళ్ళు, వంతెనలు, లోయ కూడ రైలంత ముఖ్యమే అని నిరూపించినాడు. అంతకంటె నన్ను ఆకట్టుకొన్నవాడు రోయ్ ఇంగ్లండ్. ఇంటిపేరు ఇంగ్లండే గాని మనిషిది ఆస్ట్రేలియా. 1925లో ఆ దేశానికి వచ్చి, 'వేల్ ఆఫ్ వైట్ హార్స్' అనే పల్లెసీమలో పాత పూరికప్పు ఇళ్ళు ఒక్కొక్కటిగా రూపు మారిపోవడం చూచినాడు. ఆపడం తన చేతిలో లేదు గనుక వాటి కొలతలు తీసుకొని, 76వ వంతు పరిమాణంలో అట్టతో, రంగులతో కట్టడం మొదలుపెట్టినాడు. అది పెరిగి 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామంలో పెండన్ మ్యూజియం అయినది. అహెర్న్ గారి మాడర్ వ్యాలీ కూడ నేడు అక్కడే భద్రంగా ఉన్నది. ఆ పని చేసినవాణ్ణి బొమ్మలవాడు అనడం కంటె చరిత్రకారుడు అనడమే సబబు.

మన దేశంలో పూణెలో భావ్ జోషి గారు స్థాపించిన బుల్లి రైళ్ళ మ్యూజియం 1998లో తెరచినారు. అక్కడివి 87వ వంతు రైళ్ళు. ఈ కళ అభిమానులు 'హెచ్.ఓ.' అని పిలిచే కొలత అదే.

కొలువుకూ దీనికీ ఒక భేదమున్నది. కొలువులో ప్రాధాన్యమే పరిమాణం. స్టేషనుకంటె స్టేషను మాస్టరు పెద్దగా ఉంటాడు, ఆయనకంటె వినాయకుడు పెద్ద. గుడి శిల్పంలోనూ అంతే గదా, దేవర పెద్ద, భక్తుడు చిన్న. 87వ వంతు లోకంలో ఆ మినహాయింపు ఎవరికీ లేదు. ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్లు. కిలోమీటరు దూరం పదకొండున్నర మీటర్లు. ఆ లెక్కన ఏ ఊరూ ఏ ఇంటిలోనూ పట్టదు. కనుక చెరువును స్టేషను ప్రక్కకు జరపక తప్పదు. ఏది ఉంచాలి, ఏది విడవాలి అన్న విచక్షణ దగ్గర కొలువు పిల్లలూ, పెండన్ పెద్దలూ మళ్ళీ ఒకటవుతారు.

ఇక మా ఊరి సంగతి. గూడూరు నుండి తిరుపతి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే మార్గం 19వ శతాబ్దం చివర మీటరు గేజిగా వచ్చినది. పాకాల దగ్గర ధర్మవరం దారి చీలుతుంది. తరువాత ఇవన్నీ బ్రాడ్ గేజిగా మారినవి. మారవలసినదే, ప్రయాణికులకు మేలే జరిగినది. ఐతే పట్టాలతో పాటు ఆ కాలపు పరిసరం కూడ వెళ్ళిపోయినది. చేయి వాల్చే సిగ్నళ్ళు, ఇంజనుకు నీరు పట్టే ఇనుప స్తంభాలు, వై.పి., వై.జి. ఇంజన్లు నేడు కళ్ళెదుట లేవు. వాటి ఎత్తెంత, రంగేమి అన్నది యాభై దాటినవారి జ్ఞాపకంలో ఉన్నది. ఎవరైనా టేపు పట్టుకొని వారి దగ్గర కూర్చోవలసిన పని ఇది.

ఇందులో ఒక చిత్రమున్నది. బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19 దాటుతుంది. అంగట్లో దొరికే హెచ్.ఓ. పట్టా 16.5 మాత్రమే, అది యూరపు వారి గేజికి సరిపోయేది. మీటరు గేజికి రావలసినది 11.5, దొరికే సన్నపట్టా 12. అంటే నేడు నడుస్తున్న మార్గాన్ని చూపడం కంటె పోయిన మార్గాన్ని చూపడమే కొలతకు దగ్గరగా వస్తుంది!

సామగ్రికి దూరం పోనక్కరలేదు. మా కొండలు వాడి శిఖరాలు కావు, గుండ్రని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్టుంటాయి. కొయ్య చట్రంపై అట్టపేలికలు అల్లి, సుద్దలో ముంచిన గుడ్డ కప్పి, ఆరకముందే బొటనవ్రేలితో నునుపు చేస్తే బండ రూపం వస్తుంది. పైన ఇక్కడి ఎర్రమట్టినే జల్లెడ పట్టి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో అంటించాలి. ఏ సీసా రంగూ దానికి సాటి రాదు. చింతచెట్టుకు పురి పెట్టిన రాగితీగ. బెల్లం కాచే పాకకు కప్పుగా ఎండిన చెరకు సోగనే సన్నగా చీల్చుకోవచ్చు.

కట్టేముందు ఏడాదినీ నెలనూ నిర్ణయించుకోవాలి, లేనిచో చెరువులో నీళ్ళుండాలా వద్దా అన్నది తేలదు. నేనైతే 1970ల నాటి మాఘమాసం అంటాను. మామిడి పూత, బెల్లం కాపు రెండూ కలిసే నెల అది. ఊరి పేరులోని పూతకు ఈ పూతయే మూలమని వాదించబోను. సన్నగా జల్లించిన రంపపు పొట్టులో కాస్త పసుపు కలిపి కొమ్మల చివర అద్దితే మామిడి పూత అవుతుంది. కొలువులో బంతితోటకు మా ఇంటి ఆడవారు చేసేదీ అదే.