ఎవరు బయటివారు? - దావా ఖర్చుల జామీను కథ

కిందటి నెల మా నాందేడులో ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చారు. దెగ్లూరు వైపు వారు, చాలా ఏళ్లుగా మా వీధిలోనే ఉంటున్నారు. తాతలనాటి భూమి భైంసా దగ్గర ఉంది. చనిపోయిన అక్కగారి కొడుకులిద్దరూ అమెరికాలో ఉన్నారు. తల్లి వాటా కోసం ఆ భూమి మీద దావా వేశారు.

"వకీలు సాబు జమానత్ అడుగుదామంటున్నడు. ఆ పిల్లలకు ఈ దేశంల గుంటెడు జాగ గూడ లేదు. అడగాల్నా, వద్దా?" అన్నారు.

నేను వకీలును కాను. పాత ఉర్దూ కాయితాలు చదవగలనని నలుగురూ వస్తుంటారు, అంతే. అయినా ఆయన ప్రశ్న నన్ను వెనక్కి తీసుకుపోయింది.

ఈ జమానత్ జైలు నుంచి విడిపించే బెయిలు కాదు. వాది ఓడిపోతే ప్రతివాదికి కోర్టు ఖర్చులు చెల్లించవలసి రావచ్చు. వాది దేశం బయట ఉంటే ఆ డబ్బు ఎట్లా వసూలవుతుంది? అందుకే ముందుగా హామీ ఇమ్మంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 25వ ఆర్డరు. తగాదాలో ఉన్న భూమి ఈ లెక్కలోకి రాదు. అది ఎవరిదో తేలనేలేదు గదా! వేరే ఆస్తి చాలినంత ఉండాలి. గడువులోగా హామీ ఇవ్వకపోతే దావా కొట్టివేస్తారు. తగిన కారణం చూపితే దాన్ని మళ్లీ తెరిపించుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1908లో ఈ కోడ్ వచ్చినప్పుడు అందులో ఉన్న మాట "బ్రిటిష్ ఇండియాకు బయట" నివసించే వాది అని. అప్పుడు మన నాందేడు ఎక్కడుంది? నిజాం రాజ్యంలో. మన కోర్టుల భాష ఉర్దూ, మన చట్టాలు వేరు. భూమి దావా భూమి ఉన్నచోటనే వేయాలి. కాబట్టి నాందేడులో ఉన్న తెలుగువాడు గుంటూరులోనో బెజవాడలోనో తాతల పొలం కోసం దావా వేస్తే, అక్కడి కోర్టు దృష్టిలో అతడు బయటివాడు. అక్కడ వేరే ఆస్తి లేకపోతే జామీను అడగవచ్చు. భాష ఒకటే, చుట్టరికం ఒకటే. అయినా కోర్టు గుమ్మంలో పరాయివాడే!

1948లో నిజాం పాలన ముగిసింది. 1951 ఏప్రిల్ 1 నుంచి అదే కోడ్ హైదరాబాదు రాష్ట్రానికీ వచ్చింది. ఆ గీత చెరిగిపోయింది. 1956 నవంబరు 1న ఇంకో గీత పడింది. నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరింది. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆదిలాబాదు జిల్లా కిన్వట్ ఇటు వచ్చింది. 1960లో మనం మహారాష్ట్ర వాళ్లమయ్యాం, 2014లో భైంసా తెలంగాణదయింది. ఇల్లు ఇటు, పొలం అటు అయిన కుటుంబాలు మనలో ఎన్నో. ఇక్కడ సాత్‌బారా, అక్కడ పహాణీ. ఇన్ని కష్టాలలోనూ ఒక్క మేలు మిగిలింది. రాష్ట్రం దాటినంత మాత్రాన జామీను ఇమ్మని ఎవరూ అనరు.

గీత మాత్రం పోలేదు, సముద్రం దాకా జరిగింది. 1908లో "అడగవచ్చు" అని ఉన్నది, ఇప్పుడు వాదులందరూ విదేశంలో ఉండి ఇక్కడ వేరే ఆస్తి లేకపోతే "అడిగి తీరాలి" అయింది. నిన్న మన తాతలు నిలబడిన చోట నేడు మన పిల్లలు నిలబడ్డారు.

ఇదంతా ఆయనకు చెప్పాను. "మా అక్క బతికుండి నిజామాబాదుల ఉండి దావా ఏస్తే?" అని అడిగారు.

"అప్పుడీ తప్పనిసరి షరతు ఆమెకు తగలదు" అన్నాను. "వాటా అదే, భూమి అదే. మారింది వాళ్లుండే ఊరు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన భయమూ అబద్ధం కాదు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి గెలిచినా, ఖర్చుల కోసం అమెరికా దాకా ఎవరు పోతారు? జామీను ఆ భయానికి మందు. ఎదుటివాడి నోరు నొక్కడానికి వాడితే మాత్రం విషం.

లేస్తూ అన్నారు: "అడుగుత. అయ్యే ఖర్చెంతో అంతే అడుగుత. అక్క వాటా సంగతి కోర్టే తేల్చనీ."

అంతకంటే మంచి తీర్పు నాకు తోచలేదు.