డర్బన్ గాయం, ఒక తాపీమేస్త్రి నాటకం

1860 నుంచి చెరకు తోటల పనికి మనవాళ్లు ఓడలెక్కి వచ్చిన ఈ నేటాల్ గడ్డ మీద మనకూ ఆఫ్రికన్లకూ మధ్య చేదు చరిత్ర ఒకటుంది. పండుగ సంచికల్లో దాన్ని అంతగా తలుచుకోం. ఈసారి తలుచుకోవాలనిపించింది.

1949 జనవరి 13న డర్బన్ బజారులో ఒక భారతీయ వ్యాపారి ఓ ఆఫ్రికన్ కుర్రవాణ్ణి కొట్టాడు. ఆ నిప్పు ఊరంతా అంటుకుంది. చనిపోయినవారు 142 మంది. వారిలో ఆఫ్రికన్లు 87 మంది, భారతీయులు 50 మంది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం తరువాతి ఏళ్లలో ఇరువురినీ వేరు వేరు పేటలకు తరిమింది. ఇరుగుపొరుగు అన్న మాటే లేకుండా పోయింది.

ఆ వర్ణవివక్ష రోజుల్లోనే కెస్సీ గోవెండర్ నాటకాలు రాశారు. ఆయన వృత్తి తాపీపని. డర్బన్‌లో స్టేబుల్ థియేటర్ నెలకొల్పినవారిలో ఆయన ఒకరు. తెల్లదొరలను తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. 'వర్కింగ్ క్లాస్ హీరో'లో ఆయన, నల్లవారి పట్ల భారతీయులకున్న చిన్నచూపునే రంగస్థలం మీద నిలబెట్టారు. ఎదుటివాడి తప్పులు ఎంచే నాటకం కసి పెంచుతుంది, మన తప్పు మనకు చూపే నాటకం మాట కలుపుతుంది అని నా నమ్మకం.

2021 జూలై అల్లర్లలో ఫీనిక్స్‌లో 30 మందికి పైగా మరణించారు. అత్యధికులు నల్లవారే. గాయం ఇంకా మానలేదు. రాబోయే ఉత్సవంలో కూచిపూడి, హరికథలతోపాటు అటువంటి నాటకం ఒకటి వేద్దాం. జూలూ కుటుంబాలను పిలిచి ముందు వరుసలో కూర్చోబెడదాం.